పదహారు రంగుల తెర

మేడ మీది గది,
ఫిబ్రవరి 20.

వదినగారికి,

మా అబ్బాయి పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేయవచ్చు. కానీ ఫోన్‌లో మనిద్దరం మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా పెళ్ళినాటి సంగతుల్లోకి వెళ్తాం. పైగా ఇది చెప్పింది చెప్పినట్టు చేయవలసిన పని. కాగితం మీద ఉండాలి.

అబ్బాయి, కోడలు ఆనకట్ట శిబిరం నుంచి వర్షాకాలం దాకా రారు కాబట్టి మన మనవరాలు పిడుగు నా దగ్గరే ఉందని మీకు తెలుసు. దాని ఎడమ కంటి చూపు మందంగా ఉంది, ఆ కంటికి చూడడం నేర్పించాలని డాక్టరమ్మ చెప్పిందనీ తెలుసు. ఆవిడ ఇచ్చిన సీడీలో ఒక ఆట ఉంది. పిల్ల ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం గాజున్న కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. ఒక కంటికి చేప కనబడుతుంది, ఇంకో కంటికి వల. చేపను వలలో వేయాలంటే రెండు కళ్ళూ పనిచేయక తప్పదు. రోజుకు ఇరవై నిమిషాలు, మొత్తం తొంభై పాఠాలు. మే 30న పరీక్ష. ఆగస్టులో దానికి ఏడేళ్ళు నిండుతాయి. ఆ తరువాత ఆ కంటికి నేర్పడం కష్టమని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

ఆ సీడీ మా పాత కంప్యూటర్లోనే నడుస్తుంది. కొత్తవాటిలో తెరుచుకోదు, మూడింటిలో పెట్టి చూశాను. తయారుచేసినవాళ్ళు దుకాణం మూసేశారు. ఇక జరిగినది తేదీలవారీగా రాస్తున్నాను.

ఫిబ్రవరి 11. నలభై ఒకటో పాఠం. ఇరవై నిమిషాలు. పద్నాలుగు చేపలు.
ఫిబ్రవరి 13. ఉదయం తెర నల్లగా ఉంది.
ఫిబ్రవరి 14. మెకానిక్ వచ్చాడు. బొమ్మలు చూపే వీడియో కార్డు దానంతటదే పోయిందని నిర్ణయమైంది. వేరే కార్డు పెట్టాడు. తెర వచ్చింది కానీ అక్షరాలు గుమ్మడికాయలంత. ఆట తెరిస్తే "ఈ పాఠానికి 256 రంగులు కావాలి. మీ తెరకు 16 ఉన్నాయి" అంటుంది.

"కార్డుంటే చాలదమ్మా, దాన్ని ఎలా వాడాలో మిషన్‌కి చెప్పే డ్రైవర్ ఎక్కించాలి. ఇంత పాతదానితో నేను కూర్చోలేను, కొత్తది తీసుకోండి" అని ఒక సీడీ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మీరు ఇరవై రెండేళ్ళు కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేశారని మీవాళ్ళు పెళ్ళిలో నాకు నాలుగుసార్లు చెప్పారు. కాబట్టి అడుగుతున్నాను.

మీ అల్లుడి తల్లి

*

పోస్టాఫీసు వెనక ఇల్లు,
ఫిబ్రవరి 26.

వదినగారికి,

మీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను. ఎవరికేమైందో అనుకున్నాను. కంప్యూటరుకని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. పెళ్ళిలో మావాళ్ళు నాలుగుసార్లే చెప్పారా? మీరు లెక్కపెట్టారంటే అంతే అయ్యుంటుంది. మా వైపు నూట ఇరవైమందన్నామని, నూట నలభైముగ్గురు తిన్నారని తేల్చింది కూడా మీరే కదా. అందులో బ్యాండువాళ్ళు తొమ్మండుగురు. వాళ్ళను మా చుట్టాల్లో కలిపేశారు. సరే, అది పాత మాట.

ఇది పెద్ద పనేం కాదు వదినగారూ. మా సెక్షన్‌లో ఇలాంటివి ఎన్ని చూశామో. ఆ మెకానిక్ ఇచ్చిన సీడీ పెట్టండి. సెటప్ అన్నదాని మీద రెండుసార్లు నొక్కండి. అది ఏవేవో అడుగుతుంది. అడిగినదానికల్లా అవును అనండి. చివర మిషన్ ఆగి మళ్ళీ లేస్తుంది. అప్పుడు రంగులు 256కి మార్చండి. అంతే.

పిడుగును నా తరఫున ముద్దు పెట్టుకోండి. మీకు అలవాటు లేకపోయినా సరే.

మీ కోడలి తల్లి

*

మేడ మీది గది,
మార్చి 4.

వదినగారికి,

మీ సూచనలు నిన్న ఉదయం పదిగంటల అయిదు నిమిషాలకు మొదలుపెట్టాను. సీడీ పెట్టాను. సెటప్ మీద రెండుసార్లు నొక్కాను. "ఈ సీడీ మీ సిస్టమ్ కోసం తయారైనది కాదు. బయటికి వెళ్ళమంటారా?" అని అడిగింది. అవును అన్నాను. బయటికి వెళ్ళింది.

చేయడంలో తప్పు జరిగిందేమోనని మళ్ళీ చేశాను. మొత్తం ఏడుసార్లు. ఏడుసార్లూ అదే అడిగింది, ఏడుసార్లూ అవునన్నాను. పిల్ల పక్కన నిలబడి "నానమ్మా, అది పొమ్మంటోందా, పోతానంటోందా?" అంది.

ఆట లేని రోజులు ఇరవై ఒకటి. కుడి కంటికి పట్టీ మాత్రం రోజూ రెండు గంటలు వేస్తున్నాను. దానితో కొంతే ప్రయోజనమని, రెండు కళ్ళూ కలిసి పనిచేయడం ఆటతోనే వస్తుందని డాక్టరమ్మ అంటోంది.

ముద్దు పెట్టాను. సాయంత్రం ఆరింటికి.

మీ అల్లుడి తల్లి

*

పోస్టాఫీసు వెనక ఇల్లు,
మార్చి 11.

వదినగారికి,

అన్నిటికీ అవును అనమన్నది నేనే. తప్పు నాదే. కానీ ఏడుసార్లా వదినగారూ! మూడోసారికైనా కాదని చూడాలనిపించలేదా? ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇకమీదట అన్నిటికీ అవును అనకండి.

మీ సిస్టమ్‌కు సరిపోయే డ్రైవర్ల సీడీ ఒకటి సంపాదించి ఇందులో పెట్టాను. ఎలా సంపాదించానని అడక్కండి. సెక్షన్‌లో పనిచేసినవాళ్ళకి నాలుగు చోట్ల పరిచయాలుంటాయి. ఈసారి సెటప్ కాదు. కంట్రోల్ ప్యానెల్, అందులో సిస్టమ్, అందులో డివైస్ మేనేజర్. అక్కడ డిస్‌ప్లే అన్నదాని పక్కన పసుపు గుర్తు ఉంటుంది. దాన్ని తెరిచి, డ్రైవర్ మార్చు అంటే, ఎక్కడుందో చూపమంటుంది. సీడీని చూపండి. మిగతా మెట్లు వెనక పేజీలో అంకెలు వేసి రాశాను. మీకు అంకెలుంటే ధైర్యం కదా.

మీ కోడలి తల్లి

*

మేడ మీది గది,
మార్చి 17.

వదినగారికి,

అయిదో మెట్టు దాకా మీరు రాసినట్టే జరిగింది. పసుపు గుర్తు ఉంది. సీడీని చూపాను. ఫైళ్ళు ఎక్కడం మొదలైంది. మధ్యలో ఆగి ఇలా అడిగింది: "ఎక్కించబోయే ఫైలు మీ దగ్గరున్నదాని కంటే పాతది. ఉన్నదాన్నే ఉంచమంటారా?"

ఇది మీ తొమ్మిది మెట్లలో లేదు. అన్నిటికీ అవును అన్న ఆజ్ఞను మీరు వెనక్కి తీసుకున్నారు. కాదు అనమని ఆజ్ఞ ఇవ్వలేదు. కాబట్టి దేన్నీ ముట్టుకోలేదు. ప్రశ్న తెర మీద అలాగే ఉంది. దుమ్ము పడకుండా గుడ్డ కప్పాను. గది తలుపు మూసి, "ముట్టుకోరాదు" అని కాగితం అంటించాను. ఇంట్లో ఉన్నది నేను, పిల్ల. పిల్లకు చదవడం వచ్చు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం. నేనూ, ఆ యంత్రమూ.

మీ అల్లుడి తల్లి

*

పోస్టాఫీసు వెనక ఇల్లు,
మార్చి 22.

వదినగారూ,

అవును! అవును అనండి! ఉన్నదాన్నే ఉంచమనండి!

అయిదు రోజులుగా ఒక యంత్రాన్ని సమాధానం కోసం నిలబెట్టిన మనిషిని నేనెక్కడా చూడలేదు. మా అమ్మాయి మీ ఇంట్లో రెండేళ్ళు ఎలా నెగ్గుకొచ్చిందో ఇప్పుడర్థమైంది.

మీ కోడలి తల్లి

*

మేడ మీది గది,
మార్చి 28.

వదినగారికి,

మీ ఉత్తరం 26న చేరింది. 25న మధ్యాహ్నం కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక యంత్రం నాలుగు మూలలా "సేఫ్ మోడ్" అని రాసుకుని లేచింది. మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఈసారి ప్రశ్నకు అవును అన్నాను. తొమ్మిది మెట్లూ పూర్తయ్యాయి. ఆగి, లేచింది. పసుపు గుర్తు అక్కడే ఉంది. రంగులు పదహారే. 26న రెండుసార్లు, 27న నాలుగుసార్లు చేశాను. ప్రతిసారీ అంతే.

మీ అమ్మాయి, అంటే నా కోడలు, నిన్న శిబిరం నుంచి ఫోన్ చేసింది. "పాఠాలు ఎన్నయ్యాయి అత్తయ్యా?" అని అడిగింది. నలభై ఒకటి అన్నాను. "ఆ మాట ఫిబ్రవరిలోనే చెప్పారు" అంది. పట్టీ మానకండి అని ఫోన్ పెట్టేసింది. నా మీద కోప్పడితే బాగుండేది.

చేపల ఆట ఆగినప్పటి నుంచి పిల్ల మళ్ళీ తల పక్కకు వంచి చదువుతోంది. డిసెంబరులో అలా చదివేది. జనవరిలో మానింది.

మీకు తెలిసిన వేరే మార్గం ఏదైనా ఉంటే రాయండి. పిల్ల మీ కోసం ఒక బొమ్మ వేసింది. దాని వస్తువులు నేను విప్పి చూడను. మడత పెట్టి ఇచ్చింది, మడతతోనే పంపుతున్నాను.

మీ అల్లుడి తల్లి

*

పోస్టాఫీసు వెనక ఇల్లు,
ఏప్రిల్ 6.

వదినగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది. ఇదీ చించితే మే నెల వచ్చేస్తుంది.

నేను కంప్యూటర్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్ళు చేసిన మాట నిజం. చేసింది టైపు. పచ్చ అక్షరాల తెర ముందు కూర్చుని మీటర్ల అంకెలు కొట్టేదాన్ని. మిషన్ మొరాయిస్తే గంట నొక్కితే ఎవరో వచ్చి బాగుచేసేవారు. పెట్టె మూత తీసి లోపల ఏముందో ఏనాడూ చూడలేదు. మీ మొదటి ఉత్తరానికి నాకు తెలీదు అని రాసుండాల్సింది. ఇంకెవరికైనా అయితే రాసేదాన్నే. మీకు రాయడానికి చెయ్యి రాలేదు.

తెలీదన్న మాట దాచడానికి ఏం చేశానో తెలుసా? మీ ఏడుసార్ల ఉత్తరం అందగానే పాతసామాను కొట్టుకు వెళ్ళి మీదాని లాంటి మిషన్ ఒకటి తెచ్చుకున్నాను. మీకు రాసిన తొమ్మిది మెట్లూ ముందు నేను దాని మీద ఎక్కి చూశాను. మా ఆయన "ఈ వయసులో నీకిదేం ముచ్చటే?" అని నాలుగు వారాలుగా భోజనం బల్ల లేక ఒళ్ళో కంచం పెట్టుకుని తింటున్నారు. అయినా ఫలితం లేదు. నిన్న కొట్టతను తేల్చి చెప్పాడు: మీ మెకానిక్ పెట్టిన కార్డుకు ఆ పాత సిస్టమ్‌లో నడిచే డ్రైవరు అసలు తయారే కాలేదట. నెలన్నరగా మనిద్దరం లేనిదాన్ని వెతుకుతున్నాం.

ఇప్పుడు నా వంతు అడగడం.

నేను తెచ్చుకున్న మిషన్ కూడా మొదట నల్ల తెరే చూపించింది. "కార్డు పోయిందేమో, దానంతటదే" అన్నాను, మీ మాటే అరువు తెచ్చుకుని. కొట్టతను నవ్వాడు. "కార్డులు ఊరికే చావవమ్మా, ఎవరో ఒకరు చంపాలి" అన్నాడు. ఆ మాట మీద ఇంటికొచ్చి మీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. ఫిబ్రవరి 11 ఉంది. 13 ఉంది. ముద్దు పెట్టిన వేళ కూడా రాసే మనిషి 12వ తేదీని ఎందుకు వదిలేశారు?

పైగా పిల్ల వేసిన బొమ్మ. అందులో ఒక పెట్టె ఉంది, పక్కన బకెట్టు, ముందు చీర నడుముకు దోపిన ఒకావిడ. కింద "కంప్యూటర్ స్నానం" అని రాసింది. ఊహించి వేసిందిలే అనుకున్నాను మొదట.

ఏం జరిగింది వదినగారూ? నేను ఎవరికీ చెప్పను. మా అమ్మాయికి అసలే చెప్పను.

మీ కోడలి తల్లి

*

మేడ మీది గది,
ఏప్రిల్ 11.

వదినగారికి,

ఫిబ్రవరి 12. ఉదయం తొమ్మిదింటికి పెట్టె మూత తీశాను. లోపల ఫ్యాను శబ్దం చేస్తోంది. దుమ్ము వేలి మందాన ఉంది. అంత దుమ్ము ముందు పిల్ల కూర్చుంటోందని నాకు కోపం వచ్చింది. స్విచ్చి తీసేశాను. కార్డు బయటికి తీసి తడిగుడ్డతో రెండు వైపులా తుడిచాను. ఎండలో ఇరవై నిమిషాలు ఆరబెట్టాను. తిరిగి పెట్టేటప్పుడు ఒక కొస బిగుతుగా అనిపించింది. బలవంతం చేయలేదు. మూత వేశాను. ఆ రోజు పాఠం పెట్టలేదు, ఇంకాస్త ఆరనిద్దామని. మరునాడు తెర నల్లగా ఉంది.

మెకానిక్ "ఎవరైనా మూత తీశారా?" అని అడిగాడు. లేదన్నాను.

బకెట్టు అబద్ధం. గిన్నె మాత్రమే. మిగతా అంతా పిల్ల వేసినట్టే.

ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల పాఠం చెప్పాను. ఒక అంకె దాస్తే కింద మొత్తం తప్పుతుందని ఎన్ని వందలమందికి చెప్పానో లెక్కలేదు. పిల్ల కన్ను పాడయితే అది నేను తుడిచినందువల్ల కాదు, చెప్పనందువల్ల. ఈ సంగతి నా కోడలికి నేనే చెప్తాను. మీరు దాచనక్కరలేదు.

పాత కార్డును పారేయలేదు. బీరువాలో కవరులో ఉంది. కవరు మీద "చెడినది, ఫిబ్రవరి 14" అని రాసి ఉంది.

మీరు తెలీదని రాసిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. బల్ల ఖాళీ చేసి మీవారికి భోజనం పెట్టండి.

మీ అల్లుడి తల్లి

*

పోస్టాఫీసు వెనక ఇల్లు,
ఏప్రిల్ 16.

వదినగారూ,

కవరు మీద రాసింది కొట్టేయండి! అది చావలేదు!

మీ ఉత్తరం కొట్టతనికి చదివి వినిపించాను. మీ పేరు చెప్పలేదు, "ఒకావిడ" అన్నాను. "నడిచే మిషన్‌లోంచి తీశారా? ఎండబెట్టారా? అయితే బతికే ఉంటుంది. ఒక కొస పైకి లేచి ఉంటుంది, అంతే. ఆవిడ కొంచెం బలవంతం చేయాల్సింది" అన్నాడు. మీ గురించి ఆ మాట అన్న మొదటి మనిషి అతనే అయ్యుంటాడు.

ఇవన్నీ నా మిషన్ మీద రెండుసార్లు చేసి చూశాక రాస్తున్నాను. స్విచ్చి తీసేయండి. మెకానిక్ కార్డు తీసేయండి. పాత కార్డు అడుగున బంగారు రంగు పళ్ళవరస ఉంటుంది. పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరుతో దాన్ని మెల్లగా రుద్దండి. పొడి ఊదేయండి. తడిగుడ్డ వద్దు. వద్దు అని మళ్ళీ రాస్తున్నాను. ఆనక గాడిలో పెట్టి రెండు బొటనవేళ్ళతో రెండు కొసలూ నొక్కండి. టక్ మనాలి. మనేదాకా నొక్కండి. ఈ కార్డు డ్రైవరు మీ మిషన్‌లో ముందునుంచీ ఉంది, కాబట్టి ఏదీ అడక్కూడదు. ఒకవేళ అడిగితే మాత్రం, దయచేసి, నాకు ఉత్తరం రాయకండి. ఫోన్ చేయండి. పెళ్ళి మాట ఎత్తనని ఒట్టు.

మీ కోడలి తల్లి

*

మేడ మీది గది,
మే 31.

వదినగారికి,

ఏప్రిల్ 21న కార్డు టక్ మన్నదని, ఏమీ అడగలేదని, పిల్ల ఆ రోజే పదకొండు చేపలు పట్టిందని పోస్టుకార్డు మీద రాశాను. ఆ తరువాత రాయలేదు. పరీక్ష అయ్యాక రాద్దామని ఆగాను. నిన్న అయింది.

పాఠాలు మొత్తం డెబ్భై తొమ్మిది. ఏప్రిల్ 21 నుంచి రోజుకొకటి, జ్వరం వచ్చిన ఒక్క రోజు తప్ప. తొంభైకి పదకొండు తక్కువ. రోజుకు రెండు చేయిస్తానంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

కుడి కన్ను మూసి, గోడ మీది అక్షరాల చార్టు చదవమన్నారు. జనవరిలో పిల్ల రెండో వరస దగ్గర ఆగిపోయింది. నిన్న మొదటి వరస నుంచి ఎనిమిదో వరస దాకా గుక్క తిప్పుకోకుండా చదివింది. పెద్దవాళ్ళకు కూడా ఎనిమిదో వరస కష్టమే. డాక్టరమ్మ పిల్లను చూసింది. తరువాత నన్ను చూసింది.

"ఈ చార్టు ఇంతకుముందు ఎక్కడైనా చూశావామ్మా?" అంది.

"మా వంటింటి తలుపు మీద ఉందిగా" అంది పిడుగు.

ఉంది. ఫిబ్రవరిలో ఆట ఆగిపోయినప్పుడు, పట్టీ వేసుకున్న వేళ చూపుకు అలవాటుగా ఉంటుందని నేనే డాక్టరమ్మ గదిలోని చార్టును చూసి రాసుకొచ్చి అంటించాను. అవే అక్షరాలు, అదే వరస. పిల్ల రోజుకు ఎన్నిసార్లు వంటింట్లోకి వస్తుందో మీకు తెలుసు. బట్టీ పట్టకుండా ఎలా ఉంటుంది? ఈసారి దాచలేదు. డాక్టరమ్మ నన్ను అడగకముందే చెప్పాను. మీతో ఒకసారి అయింది కాబట్టి రెండోసారి అంత కష్టం కాలేదు.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "అయితే దీని మాట నమ్మడానికి లేదు" అని లేచి లోపలికి వెళ్ళింది. ఇంకో చార్టు తేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో నాకు అనిపించినవి ఇక్కడ రాయను. అయిదు నెలల చదువు ఒట్టి బట్టీగా తేలితే కోడలికి ఏమని చెప్పాలి, అన్నది వాటిలో ఒకటి.

కొత్త చార్టులో అంకెలు. ఎన్నడూ చూడనివి. రెండో వరస వెంటనే చదివింది. మూడోది చదివింది. నాలుగోది మెల్లగా. అయిదో వరసకు తల పక్కకు వంచబోయి, తనంతట తానే నిటారుగా పెట్టుకుని, ఒక్కొక్కటీ వేలు ముడుస్తూ అయిదు అంకెలూ చెప్పింది. ఆరో వరస దగ్గర ఆగింది.

"అది ఏంటో చెప్పు" అంది డాక్టరమ్మ.

"తెలీదు."

"పోనీ, ఊహించి చెప్పు."

"తెలీదన్నాగా!"

డాక్టరమ్మ కాగితం మీద అయిదు అని వేసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. "ఇప్పుడు నమ్ముతాను. ఇంకో మూడు నెలలు ఆ చేపల్ని వదలకండి" అంది. మీరు జూలైలో వచ్చి ఉండండి వదినగారూ. కోడలికి ఫిబ్రవరి 12 సంగతి చెప్పాను, కాబట్టి మీరు నా ముందు జాగ్రత్తగా మాట్లాడవలసిన అవసరమేమీ లేదు. వంటింటి తలుపు ఇప్పుడు ఖాళీగా ఉంది.

నేను పాఠం చెప్పిన ముప్ఫై నాలుగేళ్ళలో తెలీదు అన్న పిల్లలందరినీ బెంచీ ఎక్కించాను. నిన్న ఆ మాట అన్న పిల్లను, అంతమంది చూస్తుండగా, కుర్చీలోంచి ఎత్తుకున్నాను. నడుము ఇంకా నొప్పిగానే ఉంది.

పిడుగు నానమ్మ